వాన చార్జీ

శనివారం పొద్దున లాకప్‌లో ఉన్న మనిషితో మాట్లాడటానికి డిటెక్టివ్ గడియారానికి పది నిమిషాలే ఇచ్చారు.

గడియారం అతని అసలు పేరు కాదు. పోలీసు శాఖలో ఉన్న ఇరవై రెండేళ్లూ, ఎవరిని విచారించినా మొదట టైమెంతయిందనే అడిగేవాడు కాబట్టి ఆ పేరు పడింది. ఆరేళ్ల కిందట ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు గానీ పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

లోపల గోడకు ఆనుకుని కూర్చున్నవాడికి నలభై ఆరేళ్లుంటాయి. పద్దెనిమిదేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చేసి, ప్రెస్సు మూతపడ్డాక ఇంటింటికీ సరుకులు అందించే పనిలో చేరాడు. ఊళ్లో అలాంటి కంపెనీలు మూడున్నాయి. జనం వాటిని సంచుల రంగును బట్టి తెల్ల సంచి, నీలం సంచి, ఎర్ర సంచి అంటారు. ఇతను తెల్ల సంచి మనిషి. ఇతని భార్య బట్టల వర్క్‌షాపులో కాజాలు కుడుతుంది. నిన్న సాయంత్రం గడియారం ఆఫీసుకొచ్చి, కుర్చీ అంచున కూర్చుని ఒకే మాట చెప్పింది. "మా ఆయన ఎవరినీ కొట్టే మనిషి కాదండీ. కొట్టించుకునే మనిషి."

పోలీసులు చెప్పే కథ ఇది. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ లెక్కల టీచరమ్మ గురువారం వంటింట్లో చచ్చిపడి ఉంది. తల వెనక్కి వెళ్లి గట్టు అంచుకు కొట్టుకుంది. ఎవరో బలంగా తోస్తే తప్ప అంత దెబ్బ తగలదని డాక్టరన్నాడు. మెడలో గొలుసు, ఆవిడ ఫోను పోయాయి. సాయంత్రం ఆరింటికి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి మొదట చూసింది ఆవిడ చెల్లెలు. ఆ రోజు ఆ గుమ్మం తొక్కిన బయటి మనిషి ఇతనొక్కడే.

"గురువారం మీరు ఆ ఇంటికి ఎన్నింటికి వెళ్లారు?"

మీరు అన్న మాటకి అతను తలెత్తాడు. రెండ్రోజులుగా అతన్నెవరూ అలా పిలవలేదు.

"పది ఇరవైకి సార్. సరుకు ఇచ్చేశానని ఫోన్‌లో నొక్కింది పది ఇరవై రెండుకి."

"లిఫ్టులో వెళ్లారా?"

"లిఫ్టు ఆగిపోయింది సార్. కరెంటు లేదు. ఆ వీధిలో పొద్దున్నుంచీ కేబుల్ పని జరుగుతోంది. మెట్లెక్కి వెళ్తే ఆయాసపడుతున్నానని మంచినీళ్లిచ్చింది ఆవిడ."

గడియారం కరెంటు మాట రాసుకుని కింద గీత గీశాడు. తర్వాత ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఆవిడ పప్పు పొట్లాన్ని గుమ్మం దగ్గరే చిన్న కాటాలో పెట్టి తూచిందట. ఎనిమిది గ్రాములు తగ్గితే, మీ కంపెనీ ఎనిమిది గ్రాములు మింగేసింది నాయనా అని నవ్వి తలుపేసుకుందట. గొలుసు మెడలోనే ఉంది. రెండు నిమిషాల పని, అంతే.

"మరి నేనే చేశానని సంతకం ఎందుకు పెట్టారు?"

అతను చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "మా అమ్మాయికి సోమవారం నుంచి పరీక్షలు సార్. పరీక్ష హాల్లోంచి లేపి తీసుకొస్తామన్నారు."

బయట వరండాలో ఇన్‌స్పెక్టర్ ఎదురుచూస్తున్నాడు. పదేళ్ల కిందట గడియారం దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు భుజాల మీద నక్షత్రాలు పెరిగాయి గానీ పాత అలవాటు చొప్పున సార్ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో ఇదివరకటి గౌరవం లేదు.

"టైములన్నీ రాసుకున్నారా సార్? నా దగ్గర ఒక్క టైమే ఉంది. అది చాలు."

ఆ ఒక్క టైము పదిన్నర. టీచరమ్మకి ఒక అలవాటుండేది. ప్రతి గురువారం పదింటికి కూర్చుని, పన్నెండు రకాల సరుకులు మూడు కంపెనీల్లో ఎంతెంతకి ఇస్తున్నారో ఒక కాగితం మీద మూడు వరసల్లో రాసేది. పదకొండుకల్లా ఆ కాగితం లిఫ్టు పక్కన అంటించేది. ఆ భవనంలో వాళ్లే కాదు, పక్క రెండు భవనాల వాళ్లూ అది చూసి గానీ సరుకులు తెప్పించుకునేవాళ్లు కాదు. ఈ గురువారం కాగితంలో రెండు వరసలు నిండాయి, మూడోది సగంలో ఆగిపోయింది. ఆవిడ పదింటికి తప్ప ఎప్పుడూ మొదలుపెట్టదని చెల్లెలు వాంగ్మూలం ఇచ్చింది. అంటే పదిన్నర ప్రాంతంలో ఎవరో వచ్చి ఆవిణ్ని లేపారు. వచ్చినవాడెవడో తెలిసిందే.

"పోస్టుమార్టం రిపోర్టులో ఏముంది?"

"తొమ్మిదికీ మూడుకీ మధ్య అన్నారు. పదిన్నర దాని మధ్యలోనే ఉందిగా."

"గొలుసు దొరికిందా?"

"దొరుకుతుంది."

"టాబ్లెట్ బల్ల మీదే వదిలేసి, పాత బటన్ల ఫోను పట్టుకెళ్లిన దొంగని నేనెప్పుడూ చూళ్లేదు. నువ్వు చూశావా?"

ఇన్‌స్పెక్టర్ మొహం బిగుసుకుంది. "కంగారులో ఏది దొరికితే అది లాక్కుంటారు. సోమవారం పదకొండుకి కోర్టులో పెడుతున్నా. సంతకం ఉంది."

"ఆరేళ్ల కిందట కూడా సంతకం ఉంది."

వరండాలో ఉన్న కానిస్టేబుల్ తల దించుకున్నాడు. అప్పటి కేసు స్టేషన్‌లో అందరికీ గుర్తే. ఇలాగే సంతకం పెట్టిన ఒక వంటవాడు జైల్లో ఉరేసుకున్నాక మూడు నెలలకి అసలు దొంగ దొరికాడు. ఆ కాగితం రాయించింది ఈ ఇన్‌స్పెక్టరే. చూస్తూ ఊరుకున్నది గడియారం. ఉద్యోగం వదిలేసింది అందుకే.

"మీరిప్పుడు బయటివాళ్లు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "ఫ్లాటు చూడాలంటే చెల్లెలుగారు ఒప్పుకుంటే చూడండి. మావాళ్లు పని పూర్తి చేసుకున్నారు. నా దారికి అడ్డం రాకండి."

మధ్యాహ్నం రెండున్నరకి చెల్లెలు వచ్చి తలుపు తీసింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా, వంగిన భుజాలతో ఉంది. ఒక ఆసుపత్రిలో చీట్లు రాసే కౌంటర్‌లో పని చేస్తుంది. ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా డ్యూటీ. గురువారం కూడా వెళ్లింది, వంద మంది చూశారు. ఆ తర్వాత ఇంటికెళ్లి అయిదున్నర దాకా అమ్మ దగ్గరే ఉన్నానంది. వాళ్ల అమ్మకి ఎనభై ఆరేళ్లు. మంచం దిగలేదు.

"పన్నెండేళ్లుగా అమ్మ నా దగ్గరే ఉందండీ," అంది అడక్కుండానే. "అక్కయ్య డబ్బు పంపేది. మిగతాదంతా నేనే."

గడియారం సానుభూతిగా తలూపాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రాలేదు. అక్క చనిపోయిన చోటు చూడలేకపోతోందనుకున్నాడు.

వంటింట్లోంచి చూస్తే భోజనాల బల్ల కనిపిస్తుంది. బల్ల మీద టాబ్లెట్, చిన్న కాటా, రెండు పెన్సిళ్లు, పోలీసులు ఫొటో తీసుకుని వదిలేసిన ఆ వారం కాగితం అలాగే ఉన్నాయి. గోడకి ఒక క్లిప్పుతో పాత వారాల కాగితాలు వేలాడుతున్నాయి. టీచరమ్మ అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. ఆవిడ అందరిలా సరుకుల ధరలతో మొదలుపెట్టదు. ముందు పైన డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ, వాన చార్జీ రాసి ఆ తర్వాతే బియ్యం దగ్గరికొస్తుంది. ఒక పాత కాగితం అంచున అందుకు కారణం కూడా రాసుకుంది: 'ధర చూపించి పిలుస్తారు, చార్జీ వేసి పట్టుకుంటారు. ముందు చార్జీ చూడు.'

గడియారం పాత కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆరు వారాలుగా వాన చార్జీ దగ్గర మూడు వరసల్లోనూ అడ్డగీతే ఉంది. అన్నాళ్లూ ఊళ్లో చినుకు పడలేదు. తర్వాత బల్ల మీది కాగితం చూశాడు. తెల్ల సంచి వరసలో వాన చార్జీ దగ్గర అడ్డగీత. వాళ్లు ఆ చార్జీ తీసుకోరు. నీలం సంచి దగ్గర 20. ఎర్ర సంచి దగ్గర 15.

అతను కాగితం కింద పెట్టి, మామూలు గొంతుతో అడిగాడు. "గురువారం వాన ఎప్పుడు మొదలైందో గుర్తుందా అమ్మా?"

"రెండు దాటాక. ఆరేసిన బట్టలన్నీ తడిసిపోయాయి."

అతనికీ అలాగే గుర్తుంది. ఆ రోజు రెండింటికి అతను ఒక టైరు షాపు ముందు తలదాచుకున్నాడు. వాన పడకుండా వాన చార్జీ పడదు. ఆ అంకెలు రాసేటప్పటికి టీచరమ్మ బతికే ఉంది. పదింటికి కరెంటు లేదు, కరెంటు లేకపోతే ఇంట్లో ఇంటర్నెట్టూ లేదు, టాబ్లెట్‌లో ధరలు రావు. అందుకే ఎన్నడూ లేనిది ఆ ఒక్క గురువారం ఆవిడ కరెంటు వచ్చాక మధ్యాహ్నం కూర్చుంది. తెల్ల సంచి మనిషి పది ఇరవై రెండుకే మెట్లు దిగిపోయాడు.

కాగితం ఎత్తి వెలుగులో పెట్టాడు. వెనకవైపు పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. తిప్పి చూస్తే ఒకే ఒక్క లైను. 'అమ్మ డబ్బా. తెల్ల 1010, నీలం 998, ఎర్ర 985.' దాని పక్కన 1140 అని రాసి మూడుసార్లు చుట్టూ సున్నా చుట్టింది. చివరి సున్నాకి పెన్సిల్ కాగితాన్ని చింపేసింది.

"ఇదేమిటమ్మా?"

చెల్లెలు మొదటిసారి గుమ్మం దాటి వచ్చి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మ తాగే పొడి. డాక్టరు రాసిచ్చారు. అన్నం దిగడం లేదు, అదొక్కటే ఆధారం. పది రోజులకో డబ్బా నేను తెప్పిస్తా, గురువారాలు నేనొచ్చినప్పుడు బిల్లు చూసి అక్కయ్య డబ్బిస్తుంది." కళ్లు తుడుచుకుంది. "1140 అంటే ఏమో మరి. మందుల షాపు ధర అయ్యుంటుంది."

ఆవిణ్ని ఇంకా ఇబ్బంది పెట్టడం అతనికి ఇష్టం లేకపోయింది. వాన చార్జీ ఏ టైము నుంచి పడిందో ఎర్ర సంచి స్టోరుకెళ్లి రాయించుకొస్తానని, అదుంటే సోమవారం లోపల ఒక అమాయకుడు బయటికొస్తాడని చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, మంచిది వెళ్లిరండి అంది. అమ్మ ఒక్కతే ఉంది, నేనూ ఇంటికెళ్లాలి అంటూ తాళం వేసింది. అప్పుడు మూడు ఇరవై.

ఎర్ర సంచి స్టోరులోకి కొనేవాళ్లెవరూ రారు. కిటికీలు లేని పొడవాటి గది, మనిషి ఒక పక్కకి తిరిగితే గానీ పట్టని ఇనప అరల మధ్య దారులు. ఆర్డరు వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక మెషీను కూస్తుంది, ఎవరో ఒకరు బుట్ట పట్టుకుని పరిగెత్తుతారు. సూపర్‌వైజర్ కూర్చునే మూల ఫ్యాను పక్కన టీచరమ్మ కాగితాల ఫొటోలు నాలుగైదు అంటించి ఉన్నాయి.

"ఆవిడ మమ్మల్ని తిట్టిన వారాలు," అన్నాడు సూపర్‌వైజర్, అతను చూస్తున్నది గమనించి. "ఆవిడ రాసిందంటే ఆ సాయంత్రానికి మా ఆర్డర్లు సగానికి పడిపోయేవి. అయినా అబద్ధం రాయలేదు సార్ ఎప్పుడూ."

బయటివాళ్లకి వివరాలివ్వకూడదని మొదట నసిగాడు. లాకప్‌లో ఉన్నవాడి సంగతి విన్నాక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ వీధికి గురువారం వాన చార్జీ పెట్టింది రెండు అయిదుకి, తీసేసింది మూడు నలభైకి. ప్రింటు తీసి కింద సంతకం చేశాడు.

పని అయిపోయినట్టే. గడియారం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే సూపర్‌వైజర్ అన్నాడు. "ఆ రోజు ఆవిడ నాతోనే మాట్లాడారు సార్. అందుకే నాకు మనసు బాగాలేదు."

"ఎన్నింటికి?"

సూపర్‌వైజర్ చూసి చెప్పాడు. రెండు పన్నెండుకి. ఒక బిల్లు నంబరు చదివిందట. డబ్బా 985 అని చూపిస్తున్నారు, మా చెల్లెలు తెచ్చిన బిల్లులో 1140 ఉంది, పది రోజుల్లో అంత తేడా ఎలా వచ్చింది అని అడిగిందట. ధర తగ్గిన మాట నిజమేనని చెప్పి, అలవాటు కొద్దీ బిల్లు నంబరు కొట్టి చూశాడు. ఆ ఆర్డరు పెట్టిన నాలుగు నిమిషాలకే రద్దయింది. డబ్బు వెనక్కి వెళ్లిపోయింది.

"ఆ మాట చెప్పాక కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది సార్. ఇంకో పది నంబర్లు చదువుతాను చూడు నాయనా అన్నారు. అన్నీ చూశాను. నాలుగు నెలలవి. పదకొండూ రద్దే. ఒక్క డబ్బా కూడా వెళ్లలేదా అని అడిగారు. లేదన్నాను."

గడియారం మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. అన్నం దిగని మనిషి. అదొక్కటే ఆధారం. నాలుగు నెలలు.

"తర్వాత?"

"రెండు ఇరవై ఆరుకి ఆవిడే డబ్బా ఆర్డరు పెట్టారు. వాళ్ల అమ్మగారుండే ఇంటికి. ప్యాక్ చేసి సంచిలో పెట్టేలోపలే, రెండు ముప్ఫై ఎనిమిదికి నాతో మాట్లాడిన ఫోన్ నుంచే కాల్ చేసి రద్దు చేయించారు. అది నేను తీసుకోలేదు, కాల్ సెంటర్ వాళ్లు తీసుకున్నారు. రికార్డు ఉంటుంది."

"వినిపించు."

సూపర్‌వైజర్ హెడ్‌ఫోన్ పీకేసి స్పీకర్ పెట్టాడు. వాన చప్పుడు మొదట వినిపించింది. తర్వాత ఒక ఆడగొంతు, ఆయాసంగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు.

"నేను టీచర్నే మాట్లాడుతున్నా. ఇందాక పెట్టిన డబ్బా వద్దు. అక్కడ తాగేవాళ్లెవరూ లేరు."

సూపర్‌వైజర్ రికార్డు ఆపేశాడు. ఇది ఆవిడ గొంతు కాదన్నాడు. గడియారానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గంట కిందట ఆ గొంతే, మంచిది వెళ్లిరండి అంది. ప్రతి గురువారం డ్యూటీ దిగి బిల్లులతో వచ్చే చెల్లెలు ఆ రోజు కూడా వచ్చింది. అక్క బిల్లులు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. డబ్బా బయల్దేరుతోందని, ఇక మీదట తనే పంపుతానని అక్క చెప్పే ఉంటుంది. కిందపడ్డ మనిషి లేవలేదని తెలిశాక చెల్లెలికి గుర్తొచ్చింది ఆ డబ్బా సంగతే. తీసుకొచ్చినవాడు తలుపు కొడతాడు, ఎవరూ తీయకపోతే టీచరమ్మకి ఫోన్ చేస్తాడు. అక్క టాబ్లెట్ తెరిచే నంబరు ఆవిడకి తెలియదు. అందుకే ఆ బటన్ల ఫోను తీసింది. మాట్లాడాక, అది అక్కడ ఉండకూడదని పట్టుకెళ్లింది, దొంగ పనిలా కనపడాలని గొలుసూ తీసుకెళ్లింది.

గురువారం మధ్యాహ్నం చెల్లెలు ఇంట్లో లేదని చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి మంచం దిగలేదు. ఎర్ర సంచి స్టోరుకి వెళ్తున్నానని చెల్లెలికి తనే నోరు విప్పి చెప్పాడు గడియారం.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో చెప్పాడు. వాన చార్జీ టైము, రద్దయిన పదకొండు డబ్బాలు, రికార్డు. వాదిస్తాడనుకున్నాడు.

"అడ్రస్ చెప్పండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి ఆ సార్ వేరేగా వినిపించింది.

"అంబులెన్స్ కూడా పిలువు. నీకంటే ముందు అది చేరాలి."

ఆర్డరు వివరాల్లో ఆ ఇంటి నంబరు కూడా ఉంది, ముసలావిడ తలగడ పక్కన పెట్టుకునే ఫోనుది. సూపర్‌వైజర్ అడక్కుండానే దానికి డయల్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు. ఊపిరి మాత్రమే వినిపించింది కాసేపు. తర్వాత, కాగితాలు ఒకదానికొకటి రాసుకున్నంత సన్నటి గొంతు.

"పెద్దమ్మాయీ... నువ్వేనా? రెండ్రోజులైంది ఫోన్ చేసి. ఆకలేస్తోందే..."

పెద్దకూతురు లేదన్న సంగతి ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. గడియారం ఫోన్ మీదికి వంగాడు. అమ్మా, నేను చెప్పేది విను, ఎవరేమిచ్చినా ఇప్పుడు తాగకు, అని నోట్లోంచి వచ్చేలోపలే అవతల తలుపు చప్పుడైంది. అడుగులు దగ్గరికొచ్చాయి.

"ఫోన్ ఇలా ఇవ్వమ్మా," అంది చిన్నకూతురు, చాలా శాంతంగా. "నీకు పాలు తెచ్చాను."

లైన్ కట్టయింది. అప్పటికే గడియారం ఇనప అరల మధ్య నుంచి వీధిలోకి పరిగెత్తుతున్నాడు.